ఫొటో కింద పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో పులికాట్ రాజహంసల ఫొటో అర పేజీ వేశారు. కత్తిరించి హాస్టల్ గోడకు అంటించుకున్నాను. కింద ‘పులికాట్‌లో రాజహంసల సందడి’ అని ఉంది. తీసిందెవరో లేదు. అదే పేజీలో నాలుగు లైన్ల కవితకేమో రాసినవారి పేరుతో పాటు ఊరు కూడా వేశారు.

మాది సూళ్లూరుపేట. ఆ ఫొటోకి పడ్డ కష్టం ఏమిటో నాకు తెలుసు. తెల్లారకముందే వెళ్లి, మోకాలి లోతు బురదలో కదలకుండా కూర్చోవాలి. ఒకడుగు ముందుకేస్తే గుంపంతా లేచిపోతుంది. ఇంటర్‌లో ఉండగా మా మేనమామ కెమెరాతో నేనూ అవే తీశాను. చెన్నైలో ఫొటోగ్రఫీ కోర్సులో చేరినప్పుడు ఆ నలభై ఫొటోలూ గర్వంగా తెచ్చుకున్నాను. మా సార్ అన్నీ ఓపిగ్గా చూసి, పక్కన పెట్టి, ఒక ఫిల్మ్ రీలు చేతిలో పెట్టారు. ముప్పై ఆరు ఫొటోలు. ‘ఈ నెలకి ఇదే’ అన్నారు. ఫోన్‌లో రోజుకి రెండొందలు తీసేదాన్ని. ఏడుపొక్కటే తక్కువ.

ఆ మొదటి రీలు మే నెలలో కడిగాను. ఫిల్మ్ కడిగే మందు, అదే డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకంలో ఉంటుంది. చెన్నైలో ఎండాకాలం మేడ మీది ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. నెగటివ్‌లు నల్లగా మాడినట్టు వచ్చాయి. అప్పట్నుంచి జ్యూస్ కొట్టులో ఐసు కొని బకెట్లో వేసుకుంటున్నాను.

రాయపురంలో మా హాస్టల్ సందు మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంది. చిత్తూరు వైపు నుంచి వచ్చిన దంపతులు. ఎనిమిది నెలలుగా వాళ్లనే తీస్తున్నాను. మొదటి నెల కెమెరా బయటికే తీయలేదు, బట్టలిచ్చి కబుర్లు చెప్పి వచ్చేసేదాన్ని. తర్వాత తీసినవాటిలో నాకు బాగా నచ్చింది ప్రింట్ వేసి ఇచ్చాను. బొగ్గుల పెట్టె మీంచి లేస్తున్న పొగ, వెనక పెద్దాయన మొహం, మీద పడుతున్న వెలుగు. క్లాసులో అందరూ బాగుందన్నారు. ఆయన చాలాసేపు చూసి, ‘ఏమి పాపా, మా ఆడమనిషి చెయ్యి మాత్రం ఉండాది, ఆమె యాడ?’ అన్నాడు. నిజమే. నీళ్లు చల్లి బట్టలందించే ఆమె మోచేయి ఒక్కటి ఫ్రేము అంచున మిగిలింది. నేను చూడనే లేదు. ఆ ఇద్దరూ కుదిరిన ఫొటోకి ఇంకో నాలుగు రీళ్లు పట్టాయి. ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నది ఏమైనా ఉందంటే, ఆ మోచేయి దగ్గరే.

పేర్ల సంగతికొస్తే, 1858లో మద్రాసు ప్రభుత్వం తరఫున లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తంజావూరు పెద్దగుడి శాసనాలను ఫొటోలు తీసి, వరసగా అతికించి, దాదాపు 19 అడుగుల పొడవున ఒకే చిత్రంగా చేశాడు. కొన్నాళ్లకే ఖర్చెక్కువని ఆ పని మాన్పించేశారు. పని ఆపారు గానీ, ఆ ఫొటోల మీద ఆయన పేరు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం కూడా ఫొటోకి కర్త దాన్ని తీసిన మనిషే. ఇది నాది అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్‌లో ఉంది. ఇవన్నీ మీకు తెలియవని కాదు.

పెద్ద అక్షరాలతో వేయమనడం లేదు. కవి పేరు వేసినంత సైజులో ఫొటో మూలన వేసినా చాలు. పాఠకులు పంపిస్తే వాళ్ల పేరు, ఏజెన్సీ నుంచి కొంటే ఏజెన్సీ పేరుతో పాటు తీసినవాళ్లదీ. ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అని మాత్రం వేయకండి, ఇంటర్నెట్ బురదలో కూర్చోదు.

ఆ రాజహంసల ఫొటో ఎవరిదో వచ్చే ఆదివారమైనా చెప్పండి. గోడ మీద దాని కింద పెన్సిల్‌తో రాసుకోవడానికి చోటు వదిలిపెట్టాను.

ఇట్లు,
ఒక ఫొటోగ్రఫీ విద్యార్థిని,
రాయపురం, చెన్నై