సంతకం పెట్టేముందు

చిరంజీవి కన్నాకి,
అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నియంత్రణ సంస్థ నిన్ను ఆ అణు ఇంధన కంపెనీ భద్రతా మెరుగుదలలు సరిచూసే పనికి పంపిందని రాశావు. కంపెనీ ఒప్పుకున్న దిద్దుబాట్లలో చాలావాటికి ఎదురుగా ‘పూర్తయింది’ అని రాసి పంపారట. ఇక సంతకం పెట్టడమే మిగిలిందట. "కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయమ్మా, అయినా చేయి ఆడడం లేదు" అన్నావు. ఆ సందేహాన్ని పోగొట్టుకోకు. పై అధికారి తొందరపెట్టినా, కంపెనీ వాళ్లు ముఖం చిట్లించినా సరే.

అణు ప్రమాదం అనగానే జనానికి రియాక్టర్ గుర్తుకొస్తుంది. ఇంధనం తయారుచేసే చోటు ఎవరికీ తట్టదు. అక్కడ యురేనియం వాయువుగా, ద్రావణంగా, పొడిగా మారుతూ ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి వెళుతూ ఉంటుంది. పాత్ర వెడల్పు పెరిగినా, ద్రావణం చిక్కబడినా, చుట్టూ నీరు చేరినా, ఒక పరమాణువు చీలిక ఇంకొన్నిటిని చీలుస్తూ పోయే గొలుసు చర్య తనంతట తానే మొదలయ్యే వీలుంది. మీరు క్రిటికాలిటీ అనేది దాన్నే కదా. నాకంటే నీకే బాగా తెలుసు. అయినా జపాన్‌లోని తోకాయ్‌మురాలో 1999 సెప్టెంబరు 30న జరిగినదాన్ని నీకు మళ్లీ గుర్తుచేయాలనిపిస్తోంది. రసాయన కర్మాగారం ల్యాబులో ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక ఆ వివరాలు చదివినప్పుడల్లా నా మనసు ఆ ముగ్గురు కార్మికుల దగ్గరే ఆగిపోతుంది.

జేసీవో అనే కంపెనీలో వాళ్లు ఒక ప్రయోగాత్మక రియాక్టర్ కోసం 18.8 శాతం శుద్ధి చేసిన (అంటే తేలిగ్గా చీలే యురేనియం-235 వాటాను అంతకు పెంచిన) యురేనియం ద్రావణం తయారుచేస్తున్నారు. అనుమతి పొందిన పద్ధతి ప్రకారం ఆ ద్రావణం సన్నగా, పొడవుగా ఉండే పాత్రలో ఉండాలి. ఆ ఆకారంలో గొలుసు చర్య నిలబడదు. కానీ ఆ పాత్రలో ద్రావణాన్ని సమంగా కలపడం కష్టం, సమయం పట్టే పని. వాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు బకెట్లలో యురేనియం కరిగించి, గరాటు పెట్టి వెడల్పాటి అవక్షేపణ ట్యాంకులో, అంటే ద్రావణంలోంచి యురేనియాన్ని గట్టి పదార్థంగా విడదీసే ట్యాంకులో పోశారు. ఆ ట్యాంకుకు పరిమితి 2.4 కిలోల యురేనియం. ఏడో విడత పోస్తుండగా అందులో దాదాపు 16 కిలోలు చేరింది. నీలి వెలుగు మెరిసింది. గొలుసు చర్య దాదాపు 20 గంటలు సాగింది. ట్యాంకు చుట్టూ ఉన్న చల్లార్చే నీరే న్యూట్రాన్లను వెనక్కు నెట్టి దాన్ని నిలబెట్టింది. ఆ నీటిని తీసేశాక గానీ అది ఆగలేదు. ముగ్గురిలో ఇద్దరు నెలల తరబడి నరకయాతన పడి చనిపోయారు. పది కిలోమీటర్ల పరిధిలో దాదాపు 3,10,000 మందిని ఇళ్లలోంచి బయటకు రావద్దన్నారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ బకెట్లు. అవి ఆ రోజు ఎవరికో హఠాత్తుగా తోచిన ఆలోచన కాదు. ప్రభుత్వానికి ఇచ్చిన పత్రాల్లో ఒక పద్ధతి ఉంటే, కంపెనీ లోపల రాసుకున్న మాన్యువల్‌లో బకెట్లు ఉన్నాయి. ఆ రోజు కార్మికులు దాన్ని కూడా దాటి, సన్నటి పాత్రకు బదులు ఆ ట్యాంకులో పోశారు. క్రిటికాలిటీ అంటే ఏమిటో వాళ్లకు సరిగ్గా చెప్పినవారే లేరు. అప్పటి జపాన్ చట్టంలో ఇంధన తయారీ కేంద్రాలకు క్రమం తప్పని తనిఖీ తప్పనిసరి కాదు. ప్రమాదం తర్వాత, అదే ఏడాది డిసెంబరులో చట్టం మార్చి తనిఖీలు పెట్టారు, ఉద్యోగులు నేరుగా ప్రభుత్వానికి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించారు. 2000లో ఆ కంపెనీ లైసెన్సు రద్దయింది. ఇవన్నీ ముందే ఉండి ఉంటే ఆ ఇద్దరూ బతికేవారని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే నీ జాబితాలో ‘కొత్త పద్ధతి అమలు చేశాం’ అని ఎక్కడ రాసినా, ఆ పద్ధతితో పని సులువైందా, కష్టమైందా అని అడుగు. భద్రత పేరుతో అరగంట పనిని రెండు గంటలు చేసి, ఉత్పత్తి లెక్క మాత్రం పాతదే ఉంచితే, కొద్ది నెలల్లో అక్కడ ఇంకో రకం బకెట్టు పుట్టుకొస్తుంది. కార్మికుడిని తిట్టి లాభం లేదు. ఆ రెండు గంటలు అతనికి ఇచ్చారా లేదా అన్నది చూడాలి. షిఫ్టులో మనుషులు సరిపడా ఉన్నారా, ఆలస్యమైనందుకు ఎవరినైనా మందలించారా అన్నది చూడాలి.

నేను పనిచేసిన చోట తనిఖీ ఉందంటే ముందురోజే తెలిసేది. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు అంతా సర్దేవాళ్లం. కొత్త చేతి తొడుగులు పంచేవారు, గోడల మీద సూచనలు మారేవి, లీకయ్యే వాల్వు ఉన్న లైను ఆ పూట ‘మరమ్మతులో’ ఉండేది. వచ్చిన అధికారులు ఆగిన యంత్రాలను చూసి, నడిచే యంత్రాల గురించి రాసుకుని వెళ్లేవారు. నువ్వు మాత్రం పని నడుస్తుండగా వెళ్లు. రాత్రి షిఫ్టులో వెళ్లు, షిఫ్టు మారే వేళ వెళ్లు. ఒక ఆపరేటర్ పక్కన నిలబడి మొదటి నుంచి చివరి వరకు పని చూడు. మాన్యువల్ చేతిలో పట్టుకుని చూడు.

ఇంకొకటి. లెక్కల్లో ‘ఇక్కడ యురేనియం పేరుకోదు’ లాంటి వాక్యం కనబడితే అక్కడ ఆగు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో, కొలంబియా దగ్గరి వెస్టింగ్‌హౌస్ ఇంధన కర్మాగారంలో 2016లో ఒక స్క్రబ్బర్‌ను శుభ్రం చేశారు. వాయువులను కడిగి బయటకు పంపే పరికరం అది. దాంట్లోకి చెప్పుకోదగ్గంత యురేనియం చేరదనే నమ్మకం మీద అక్కడి భద్రతా లెక్కలు నడిచాయి. పరిమితి 29 కిలోలు. తీసిన మడ్డిని పరీక్షిస్తే అందులో 87 కిలోల యురేనియం తేలింది. ప్రమాదమేమీ జరగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ శుభ్రం చేసిన ప్రతిసారీ ఎంత వచ్చిందో తూచి, పరీక్షించి, ఆ అంకెను లెక్కలు వేసిన ఇంజనీరు బల్ల మీద పెట్టే ఏర్పాటు ఉంటే అంతదాకా వచ్చేదే కాదు. మీ కంపెనీలో ఆ అంకె ఎవరి దగ్గరికి వెళుతుందో కనుక్కో. పేరు చెప్పలేకపోతే ఆ దిద్దుబాటు పూర్తి కానట్టే.

మీలాంటి నియంత్రణ సంస్థల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నీకు నచ్చకపోవచ్చు.

టెనెసీ రాష్ట్రంలో ఎర్విన్ అనే చిన్న ఊళ్లో అమెరికా నౌకాదళానికి ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ సర్వీసెస్ అనే కంపెనీ ఉంది. 2006 మార్చిలో అక్కడ బాగా శుద్ధి చేసిన యురేనియం ద్రావణం దాదాపు 35 లీటర్లు కారిపోయింది. తలుపు కిందనుంచి పసుపు రంగు ద్రవం బయటకు రావడం కంటబడితే గానీ సంగతి తెలియలేదు. అది పక్కనున్న లిఫ్టు గుంతలో చేరి ఉంటే క్రిటికాలిటీకి ఆస్కారం ఉండేదని అమెరికా అణు నియంత్రణ కమిషనే తర్వాత తేల్చింది. అయితే ఆ కర్మాగారం పత్రాలను అప్పటికే రహస్యాల కింద పెట్టేయడంతో, 2007లో అమెరికా కాంగ్రెస్‌కు పంపిన నివేదికలో చేరేదాకా ఆ ఊరివాళ్లకు విషయమే తెలియదు. ఏడాదికి పైగా! గోడ అవతల పిల్లలను పెంచుకుంటున్న తల్లులకు చెప్పకుండా దాచడాన్ని నేను ఏ కారణంతోనూ ఒప్పుకోలేను. నౌకాదళ రహస్యాలు దాచాలి, నిజమే. ద్రావణం కారిందన్న సంగతి వాటిలోకి రాదు.

ఆ తర్వాత కమిషన్ చేసిన పనిని మెచ్చుకోవాలి. 2007లో ఇచ్చిన ఉత్తర్వులో, ఆ కంపెనీ భద్రతా సంస్కృతిని బయటి నిపుణులు వచ్చి పరిశీలించాలన్న షరతు పెట్టింది. 2009 అక్టోబరులో అక్కడే అనుకోని రసాయన చర్యతో వాయువులు వెలువడ్డాయి. ఏడాది చివర కంపెనీ చాలా పనులు ఆపేసింది, 2010 జనవరిలో కమిషన్ ఆ నిలుపుదలను రాతపూర్వకంగా ఖాయం చేసింది. అన్నిటికీ ఒకేసారి పచ్చజెండా ఊపకుండా, ఒక్కో విభాగాన్నీ తనిఖీ చేశాకే తిరిగి నడపనిచ్చింది. మీ కంపెనీ విషయంలోనూ ఇదే పద్ధతి పట్టుబట్టమని నా సలహా. ముందు ఒక లైను, కొన్నాళ్లు దాని నడక చూశాక రెండోది. ఉత్పత్తి ఆగితే డబ్బు పోతుందని వాళ్లు అంటారు. అనడం వాళ్ల హక్కు, వినిపించుకో. ‘ఇంకా కాలేదు’ అని చెప్పడం నీ పని.

కార్మికులతో మాట్లాడేటప్పుడు సూపర్‌వైజర్ పక్కన లేకుండా చూసుకో. తప్పు ఎవరిదని అడిగితే నోళ్లు మూతపడతాయి. పనిలో ఏది ఇబ్బందిగా ఉందని అడుగు, చెబుతారు. చెప్పినవాళ్ల పేర్లు మీ నివేదికలో గానీ, మాటల్లో గానీ పొరపాటున కూడా బయటపడకూడదు. ఒక్కరికి అన్యాయం జరిగినా ఆ కర్మాగారంలో ఇంకెవరూ నీతో నిజం చెప్పరు.

యురేనియం చుట్టూ తిరుగుతూ రసాయనాలను మరచిపోకు. 1986 జనవరిలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, గోర్ అనే ఊళ్లో యురేనియం హెక్సాఫ్లోరైడ్ ఎక్కువగా నింపిన సిలిండర్‌ను వేడిచేస్తే పగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. అతని ప్రాణం తీసింది వికిరణం కాదు, ఆ పదార్థం గాలిలోని తేమతో కలిస్తే పుట్టే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు. సిలిండర్ ఉన్న బండి కాటా మీద సరిగ్గా కూర్చోకపోవడంతో తూకం తక్కువ చూపించింది. కాటాలు, వాల్వులు, ముసుగులు కూడా నీ జాబితాలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకో.

వచ్చే నెల మొదటి లైను తిరిగి నడపడంపై నిర్ణయం ఉందన్నావు. ఆ తనిఖీకి నీతో ఎవరు వస్తున్నారు? రసాయనం బాగా తెలిసినవాళ్లు ఒకరైనా ఉన్నారా? లేకపోతే ఇప్పుడే రాతపూర్వకంగా అడుగు, నోటిమాటగా వదిలేయకు. బయటకు చెప్పదగినంతవరకు నాకు రాయి. రాత్రి షిఫ్టుకు వెళ్లే ముందు మధ్యాహ్నం కాస్త నిద్రపో.

ప్రేమతో,
అమ్మ