సేటు ఉప్పు, నాయన గ్రాట్యుటీ

కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

వచ్చే నెల మా ఊరి సెంటర్లో మిల్లు యజమాని పెద్ద సేటు విగ్రహావిష్కరణకు మీరు వస్తున్నారని ఫ్లెక్సీలు కట్టారు. నల్గొండ జిల్లాలో హైవేకి కాస్త లోపలున్న ఊరు మాది. స్పిన్నింగ్ మిల్లు మూతబడి పదేళ్లు దాటినా కండక్టర్లు ఇప్పటికీ "మిల్లు స్టేజీ" అనే కేకేస్తారు.

సేటు చెడ్డవాడని చెప్పడానికి రాయట్లేదు. ఆయన కట్టించిన బడిలోనే నేను పదో తరగతి దాకా చదివాను. కార్మికుల ఇంట్లో పెళ్లంటే పుస్తెలు ఆయనే పంపేవాడు. సైరన్ మోగితే అమ్మ ఎసరు పెట్టేది. షిఫ్టు దిగి వచ్చిన నాయనను గుమ్మంలోనే ఆపి, తలమీద, కనుబొమ్మల మీద పట్టిన దూది నూగు తువ్వాలతో దులిపాకే లోపలికి రానిచ్చేది. ముప్పై ఏళ్లకే ముసలాయనలా కనిపించేవాడు.

నీళ్లు రాకపోతే మేం పంచాయతీ ఆఫీసుకు పోలేదు, మిల్లు గేటుకు పోయేవాళ్లం. తర్వాత సేటు కాలం చేశాడు, కొడుకులు తాళం వేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. ట్యాంకు ఎండింది, బడి మూతబడింది. క్వార్టర్ల జాగా ఇంకా కంపెనీ పేరు మీదే ఉంది.

పీఎఫ్ ఎలాగోలా చేతికొచ్చింది. ఇన్నేళ్లు పనిచేసినందుకు మిల్లు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ సొమ్ము రాలేదు. అడుగుదామంటే నాయన, "సేటు ఉప్పు తిన్నం రా, ఆయన బిడ్డల మీద కేసు పెడ్తమా?" అన్నాడు. మా క్వార్టర్ల లైన్లో చాలామందిదీ ఇదే మాట. సేటు పోయినా ఆ మొహమాటం పోలేదు.

మిల్లు మూతబడేనాటికి అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండితే చాలు. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది లెక్క. నాయన చివరి జీతం 5,200, సర్వీసు 22 ఏళ్లు. అంటే 66,000 రూపాయలు, ఆలస్యానికి వడ్డీ వేరే. గడువు దాటిందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ చెల్లదనకూడదని ఆ చట్టం నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి మీ ఆఫీసు వాళ్లు ఒక్కసారైనా మా లైన్లోకి వచ్చి చెప్పి ఉంటే బాగుండేది.

విగ్రహానికి దండ వేస్తానని నాయన ఇప్పటి నుంచే అంటున్నాడు. వేయనివ్వండి. అదే రోజు పక్కన ఓ టేబుల్ వేయించి, దరఖాస్తులు తీసుకుని రసీదు ఇచ్చే మనిషిని కూర్చోబెట్టండి. నాయన సర్వీసు కార్డు, చివరి జీతం చిట్టీ తీసుకుని నేను ముందే వచ్చి లైన్లో నిలబడతాను.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కొడుకు