మూడో గంప సంగతి

బరంపురం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిబాబూ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, కోప్పడకు. అమ్మ మోకాలు కాస్త నయం, పిల్లలు బడికెళ్తున్నారు, వానలు మొదలయ్యాయి. ఇంటి కబుర్లు ఇంతే. ఇప్పుడు రాసేదంతా మండపీతల గురించే.

గోపాల్‌పూర్, రుషికుల్య మొగ, సోనపూర్ దగ్గర బాహుదా మొగ. ఈ మూడు చోట్ల పీతలకి మైక్రోశాటిలైట్ మార్కర్లు (డీఎన్ఏలో చిన్న ముక్క పదేపదే వచ్చే చోట్లు, వాటి పొడవుని బట్టి పీతల తేడా తెలుస్తుంది) తయారుచేస్తున్నాం కదా! ప్రతి మార్కర్‌లోనూ హెటెరోజైగోట్లు, అంటే తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం (ఆ రకాలే అల్లీళ్లు) వచ్చిన పీతలు, ఉండాల్సినన్ని లేవు. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు ప్రైమర్‌నే, అంటే నకళ్లు మొదలెట్టడానికి డీఎన్ఏకి అతికించే చిన్న ముక్కనే, అనుమానిస్తారు. అది అతుక్కునే చోట, ముఖ్యంగా 3' కొసన, ఒక్క బేసు మారినా ఆ అల్లీల్ పీసీఆర్‌లో, అంటే డీఎన్ఏ నకళ్లు తీసేటప్పుడు, పెరగదు. రెండు అల్లీళ్లున్న పీత ఒక్కటే ఉన్నట్టు కనిపిస్తుంది. నల్ అల్లీల్ అంటే అదే. కానీ అది మామూలుగా ఒకటి రెండు మార్కర్లకి పట్టే జబ్బు. అన్నిటికీ ఒకేసారి పట్టిందంటే జబ్బు ప్రైమర్లో కాదురా, గంపలో! మూడో గంపలో రెండు రకాల పీతలు కలిశాయని నువ్వన్న మాటే నిజం.

గంపలో రెండు జాతులు కలిసిపోయాయి: సిల్లా సెర్రాటా, సిల్లా ఒలివేసియా. లెక్క వేసి చూడు. ఒక మార్కర్‌లో ఒక జాతి పీతలన్నిటికీ 180 బేసుల పొడవున్న అల్లీల్, రెండో జాతి పీతలన్నిటికీ 200 బేసులది అనుకో. సగం సగం కలిపితే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం, అంటే అన్నీ ఒకే గుంపుగా జతకడతాయనుకుంటే, నూటికి 50 హెటెరోజైగోట్లు రావాలి. వచ్చేది సున్నా! విడి గుంపుల్ని ఒకటిగా లెక్కేస్తే హెటెరోజైగోట్లు తగ్గినట్టు కనిపించే ఈ వాలుండ్ ప్రభావం ఇంత సూటిగా కనిపిస్తుంది.

1998లో కీనన్, డేవీ, మాన్ ఈ పీతల్ని నాలుగు జాతులుగా తేల్చారు. అంతకుముందు పేర్లన్నీ గజిబిజి. మన దేశపు పాత కాగితాల్లో సెర్రాటా అని రాసినవాటిలో చాలా ఒలివేసియాలే. పెద్ద పీతైతే కంటితోనే చెప్పొచ్చు: నుదుటి ముళ్లు సెర్రాటాకి ఎత్తుగా, మొనదేలి ఉంటాయి, ఒలివేసియాకి పొట్టిగా, గుండ్రంగా. డెక్క మణికట్టు బయటివైపు సెర్రాటాకి రెండు ముళ్లు స్పష్టంగా తగులుతాయి. పిల్ల పీతలకి మాత్రం సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువు చదవాల్సిందే. ఫోల్మర్ ప్రైమర్లతో సుమారు 650 బేసులొస్తాయి. దాన్ని ప్రోటీన్‌గా మార్చేటప్పుడు వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా కోడే పెట్టు. మామూలు కోడ్ పెడితే టీజీఏ అనే మూడక్షరాల దగ్గర ప్రోటీన్ ఆగినట్టు చూపిస్తుంది, మంచి వరుసని చేతులారా పారేస్తాం. సరైన కోడ్‌తోనూ మధ్యలో ఆగితే అది కేంద్రకంలోకి జారిన నకలు కావచ్చు, పక్కన పెట్టు.

జాతులు విడదీశాక కూడా లోటు తీరని మార్కర్‌నే నల్ అల్లీల్‌గా అనుమానించు. ఎనీలింగ్ వేడి, అంటే ప్రైమర్ అతుక్కునేటప్పటి వేడి, 3-4 డిగ్రీలు తగ్గించు. ఖాళీగా వచ్చిన నమూనాలకి అప్పుడు బ్యాండ్ (నకళ్లు పెరిగాయని చూపే గీత) వస్తే ప్రైమర్‌ని కాస్త పక్కకి జరిపి మళ్లీ రాయించాలి.

ఇంత పట్టుదల ఎందుకంటావా? ఒక్క తల్లిపీత లక్షల గుడ్లు పెడుతుంది. హేచరీవాళ్లు నాలుగైదు తల్లుల పిల్లల్నే మొగలో వదిలితే అక్కడి వైవిధ్యం కుంచించుకుపోతుంది. జాతే తప్పైతే ఇంకా ఘోరం. ఈ మార్కర్లు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాకు దిగులంతా అదే.

నువ్వు నమూనాలు తీసేటప్పుడు పీతని చంపొద్దు. నడిచే కాలి కొస చాలు, గుల్ల విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది. ఈత కాలు ముట్టుకోకు. బియ్యపు గింజంత కండ, దానికి అయిదింతలకి పైగా 95 శాతం ఆల్కహాల్. ఫార్మలిన్ వద్దే వద్దు. ఒక్కో చోట కనీసం 30 పీతలు, ఒక్క గంపలోవే కాకుండా...

ఇచ్ఛాపురం వెళ్లేవాళ్లు వచ్చేశారు, ఈ కవరు వాళ్ల చేతికివ్వాలి. ఆల్కహాల్ మర్నాడే మార్చు, కండలో నీరు దాన్ని పలచన చేసేస్తుంది. మిగతాది

నీ
రాజు