ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నెలవారీ ప్రదర్శనలు ఆగకుండా సాగాయి. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఒక్క సినిమాకే ఇస్తున్నాను. సభ్యులు కలిసినప్పుడల్లా ఇంకా దాని ముచ్చటే.

అది ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో 1962లో తీసిన ‘జూల్ ఎ జిమ్’. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పారిస్‌లో ఇద్దరు ప్రాణస్నేహితులు. జూల్‌ది ఆస్ట్రియా, జిమ్‌ది ఫ్రాన్స్. ఇద్దరూ కాథరీన్‌నే ప్రేమిస్తారు. ఆమె జూల్‌ని పెళ్లాడుతుంది, యుద్ధం ముగిశాక జిమ్‌కి దగ్గరవుతుంది. ఆమె పూర్తిగా దూరమైపోకుండా ఉంటే చాలని జూల్ దానికీ ఒప్పుకుంటాడు.

చర్చ అంతా కాథరీన్ చుట్టూనే తిరిగింది. ఆమెది స్వార్థమని కొందరు గట్టిగా వాదించారు. మగవేషంలో వంతెన మీద పరుగుపందెం పెట్టుకున్నప్పుడు లెక్క పూర్తికాకముందే పరుగందుకునే మనిషి, ఎవరి నియమాలకూ కట్టుబడదని మరికొందరు అన్నారు. కాథరీన్‌గా జాన్ మోరో నటన చూశాక ఆమెను ఒక్క మాటలో తేల్చేయడం నాకు సాధ్యం కాలేదు. అయితే నా దృష్టిలో ఇది ముందు స్నేహం కథ. యుద్ధంలో ఎదురెదురు సైన్యాల్లో ఉన్న ఆ ఇద్దరికీ, తన తూటాకి స్నేహితుడే బలవుతాడేమోనన్న భయం ఉంటుంది చూడండి, సినిమాకి గుండెకాయ అదే.

మూలకథ ఆన్రీ పియెర్ రోషే తన సొంత అనుభవంలోంచి రాసిన నవల. డెబ్భై దాటాక, 1953లో వచ్చిన తొలి నవల అది. జర్మన్ రచయిత ఫ్రాంజ్ హెస్సెల్, ఆయన భార్య హెలెన్, రోషేల మధ్య నడిచిన జీవితమే దానికి ఆధారం. పాత పుస్తకాల మధ్య త్రూఫోకి ఆ నవల దొరికింది. సినిమా చూడకుండానే రోషే 1959లో కన్నుమూశారు. హెలెన్ మాత్రం చూశారు.

సబ్‌టైటిళ్లు ఇంగ్లిష్‌లోనే ఉండటంతో కథాసారాంశం తెలుగులో ఒక పేజీ రాసి ముందే పంచాం. పెద్దవాళ్లు చివరిదాకా కూర్చుని చర్చలోనూ మాట్లాడారు. ఇకపై ప్రతి విదేశీ సినిమాకీ ఇలాగే చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. రాసిపెట్టగల సభ్యులు పేర్లు ఇవ్వండి.

రోషే రెండో నవలనీ త్రూఫోనే 1971లో సినిమాగా తీశారు. అందులో ఒక యువకుడు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. చాలామంది అడిగినందువల్ల వచ్చే ఏడాది ప్రదర్శనలు దానితోనే మొదలుపెడుతున్నాం. సభ్యత్వ రుసుము పెంచడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి