మా చిన్నోనికి ఒక్క అబద్ధం చెప్పకుండ బడి అలవాటు చేసిన టీచరమ్మకు, ఆయమ్మకు

మా ఊరి అంగన్‌వాడి టీచరమ్మకు, ఆయమ్మకు మనస్ఫూర్తిగ నమస్కారం. ఈ మాట మీ ముందర నిలబడి చెప్పబోతే "గిందుల ఏమున్నదమ్మా, మా పనే గదా" అని పంపించేస్తరు. అందుకే నలుగురు చదివే కాడ రాస్తున్న.

మాది దేవరకద్ర మండలంల చిన్న ఊరు. నేను మహిళా సంఘంల వీవోఏగ, అంటే సంఘం లెక్కలు, రిజిస్టర్లు రాసే పని చేస్తున్న. మా ఆయన డీసీఎం (సామాన్లు మోసే చిన్న లారీ) నడుపుతడు, వారంల సగం దినాలు జడ్చర్ల, హైదరాబాద్ తొవ్వ మీదనే ఉంటడు. మా అత్తమ్మ పొద్దుగాలనే చేనుకు పోతది. మా చిన్నోనికి మూడేండ్లు నిండినంక పోయిన జూన్‌ల అంగన్‌వాడికి పంపుడు షురూ చేసినం.

అంతకు ముందు కొన్ని నెలలు మేము పట్నంల ఉన్నం. ఆడ ఒక ప్లే స్కూల్‌ల చేర్పిస్తే గేటు కాడనే పిల్లోన్ని చేతులకెళ్లి గుంజుకొని తలుపు ఏసేటోళ్లు. "మీరు ఎనక్కి చూడకుండ పోండి, వాడే ఊకుంటడు" అనేటోళ్లు. వాడు ఊకున్నడు నిజమే, గని మాట్లాడుడు గూడ ఊకున్నడు. రాత్రి నిద్రల లేసి నా కొంగు దొరికేదాక తడుముకునేటోడు. ఊరికి వచ్చేటాళ్లకు బడి అన్న మాట వింటేనే మంచం కిందికి దూరేటోడు.

ఇదంత చెప్తే టీచరమ్మ ముందు ఏ సలహా ఇయ్యలే. "రేపు మీరు గూడ వచ్చి కూసోండి. మేము పొమ్మంటె పోవుడు కాదు, వాడు పొమ్మంటె పోదురు" అన్నరు. అట్లనే పోయి చాప మీద కూసున్న. వాడు నా ఒడిల, మిగతా పిల్లలు చుట్టూత. టీచరమ్మ వాన్ని పిలువలే, ఎత్తుకోలే, చాక్లెట్ చూపించలే. పక్కన కూసొని సీసా మూతలు ఎర్రయి ఒక దిక్కు, నీలంవి ఒక దిక్కు పెట్టుకుంట పోయిండ్రు. కొంచెంసేపటికి వాడే చెయ్యి చాపి, తప్పు దిక్కు పడ్డ ఒక నీలం మూతను తీసి సరైన కుప్పల పెట్టిండు. ఆమె "అవును, అది ఇటు దిక్కే" అన్నరు, అంతే. ఆ ఒక్క మాటకు వాడు ఒడిల నుంచి దిగిండు.

తర్వాత నేను కూసునేది మెల్లమెల్లగ తగ్గించిండ్రు. మొదట వరండాల, ఆ తర్వాత బయట వేపచెట్టు కింద, ఆ తర్వాత సంఘం ఆఫీసుదాక పోయి వచ్చుడు. ఒక్క షరతు మాత్రం గట్టిగ పెట్టిండ్రు. వానికి చెప్పకుండ పోవద్దు. "ఇప్పుడే వస్తనని చెప్పి మధ్యాహ్నం వస్తే వాడు ఇంకోపారి నమ్మడు. కన్నుగప్పి పోతే ఆడుకునుడే బంద్ పెడతడు, ఆడుకుంటుంటేనే గదా అమ్మ మాయమైందని. ఏడిస్తే ఏడ్వనీ. పోతున్న అని చెప్పి పోండి" అన్నరు. మన ఇండ్లల్ల పిల్లలను ఏమార్చి పోవుడు ఎంత మామూలో అందరికి ఎరుకే. "అగో కాకి" అని చూపిస్తం, ఈ దిక్కు నుంచి జారుకుంటం. ఆమె మూడేండ్ల పిల్లోనికి గూడ నిజం చెప్పాలె అన్నరు, చెప్పిండ్రు. నేను ఇయ్యాల ఈ పోస్టు రాసేది ముఖ్యంగ దానికే.

మూడేండ్ల పిల్లలకు గడియారం ఏం తెలుస్తది? ఎప్పుడు వస్తవంటె ఏం చెప్పాలె? దానికి టీచరమ్మ గోడ మీద చాక్‌పీసుతోని నాలుగు బొమ్మలు గీసిండ్రు. మూతలు, గుడ్డు పెట్టిన పళ్లెం, పండుకునే చాప, ఆఖరుకు జడేసుకున్న అమ్మ. ఒక్కొక్క పని అయినంక వాడు పోయి ఆ బొమ్మను వేలుతోని ముట్టి వచ్చేటోడు. చాప బొమ్మ అయిపోతే ఇగ అమ్మనే. నన్ను గూడ ఆ బొమ్మ తప్పనీయొద్దన్నరు. మండలంల మీటింగ్ ఉన్న దినం నేను రాలేనంటే, అత్తమ్మ వస్తదని పొద్దున్నే చెప్పించి, అమ్మ బొమ్మ పక్కకు కట్టె పట్టుకున్న అవ్వ బొమ్మ గూడ గీసిండ్రు. అత్తమ్మ ఆ బొమ్మను చూసి ఎంత మురిసిందో! కట్టె మాత్రం నాకు లేదన్నది.

ఆయమ్మ గురించి చెప్పకపోతే ఈ పోస్టు సగమే. మొదటి దినాలల్ల వాడు భయానికి లాగు తడుపుకునేటోడు. ఆమె ఎవ్వరికి చెప్పలే, ఎవ్వరి ముందర అనలే. ఎనకకు తీస్కపోయి కడిగి, వేరే లాగు తొడిగి, తడిదాన్ని పిండి వేపకొమ్మ మీద ఆరేసేటోళ్లు. నేను పొయ్యేటాళ్లకు ఎండి మడత పెట్టి ఉండేది. అడిగితే "నీళ్లు ఒలికినయి తియ్యి" అనేటోళ్లు, పిల్లోడు వింటున్నడని. మా సెంటర్ గేటుకు గొళ్లెం లేదు. వాడు గేటు దిక్కు ఉరుకుతుండని ఆయమ్మ పప్పు చాట తెచ్చుకొని గేటు కాడనే కూసొని ఏరుకుంట ఉండేటోళ్లు. వాడు వచ్చి గేటును పట్టుకుంటే ఆపలే, తిట్టలే. "అమ్మ ఏ బొమ్మ తర్వాత వస్తది?" అని అడిగేటోళ్లు. వాడు మళ్ల లోపటికి పోయి గోడ చూసుకునేటోడు.

ఇంకొకటి. చేర్పించినప్పుడు వాని జబ్బకు టేపు చుట్టి కొలిస్తే పసుపు రంగు కాడ ఆగింది. అంటే 11.5కు 12.5 సెంటీమీటర్లకు నడుమ, పిల్లోనికి పోషణ తక్కువున్నట్టు లెక్క. పచ్చ రంగుకు రావాలంటే 12.5 దాటాలె. నాకు గుండె ఆగినంత పనైంది. టీచరమ్మ "ఏం పెడుతున్నరు?" అని అడగలే, "ఎవరితోని తింటడు?" అని అడిగిండ్రు. ఆలోచిస్తే నిజమే, ఇంట్ల వాడు ఒక్కడే తింటడు. సెంటర్‌ల ఇద్దరు పెద్ద పిల్లల నడుమ కూసోబెట్టిండ్రు. రోజూ ఇచ్చే ఉడుకబెట్టిన గుడ్డును మొదట పిడికిట్ల పట్టుకొని కూసునేటోడు, తర్వాత పచ్చసొన నాకుడు, తర్వాత మొత్తం. నెలనెల బరువు తూచి, నాకు చూపించి పుస్తకంల రాసిండ్రు. సంక్రాంతి అయినంక టేపు పచ్చ రంగుల పడ్డది. ఆ దినం ఆయమ్మ నాకంటె ముందు మా అత్తమ్మకు పోయి చెప్పి వచ్చిండ్రు.

కురుమూర్తి జాతరకు పోయి చుట్టాలింట్ల నాలుగు దినాలు ఉండి వచ్చినంక కథ మళ్ల మొదటికి వచ్చింది. అదే ఏడ్పు, అదే గేటు. నాకు ఓపిక అయిపోయింది, టీచరమ్మకు కాలే. "జాతర తర్వాత సగం మంది పిల్లలు ఇట్లనే ఉంటరు, మళ్ల వరండా కాడి నుంచి వద్దాం" అని నాకు చాప ఏసిండ్రు. ఈపారి తొందరగనే అలవాటు పడ్డడు. కొత్తగ పంపే తల్లులు ఇది గుర్తు పెట్టుకోండి, పండుగలకు పోయి వస్తే కొన్ని దినాలు మళ్ల ఏడుస్తరు. అది ఎనక్కి పోవుడు కాదు.

ఈ టీచరమ్మను నేను ఇప్పుడు కొత్తగ చూసుడు కాదు. వాడు కడుపుల ఉన్నప్పుడు ఆరోగ్యలక్ష్మి (గర్భిణులకు, బాలింతలకు సర్కారు భోజనం పెట్టే పథకం) కింద నేను అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తిన్నది తాగింది ఈ సెంటర్‌లనే. ఏడో నెల నుంచి వాడు తిన్న బాలామృతం (చిన్న పిల్లలకిచ్చే పోషకాహార పిండి) 2.5 కిలోల సంచి ఇచ్చింది గూడ ఈ చేతులే. అయినా మన ఊర్లల్ల అంగన్‌వాడి అంటే గుడ్లు, పిండి పంచే కాడ అనే చూస్తరు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సర్కారు పథకం) మొదలైనప్పటి నుంచి బడికి ముందు చదువు గూడ ఇందుల భాగమే. 2020 జాతీయ విద్యావిధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్లదాక ఒకటే పునాది దశ అన్నది. "ఇంకా ఏబీసీడీలు రాలేదా?" అని అడిగే చుట్టాలకు నేను ఇప్పుడు ధైర్యంగ చెప్తున్న. మావాడు మూతలు రంగుల ప్రకారం వేరు చేస్తడు, తన వంతు వచ్చేదాక ఆగుతడు, లాగు తడవకముందే చెప్తడు, పక్క పిల్ల ఏడిస్తే గోడ మీది బొమ్మ చూపిస్తడు.

ఈ పని చేసేటోళ్లకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2021ల పెంచినంక టీచరమ్మకు 13,650 రూపాయలు, ఆయమ్మకు 7,800. అందులనే గర్భిణుల వివరాలు, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌ల ఫోటోలు, ఓటర్ల లిస్టు పని. నెట్ రాని దినం టీచరమ్మ ఫోన్ పట్టుకొని మేడ మీదికి ఎక్కుడు నేను కండ్లార చూసిన. ఆ నడుమల మా పిల్లోని కోసం గోడ మీద బొమ్మలు గీసే తీరిక ఎట్ల చేసుకున్నరో నాకు ఇప్పటికి అంతుపట్టదు. వాళ్లకు ఎక్కువ రావాలె. నేను ఏ మీటింగ్‌కు పోయినా ఈ మాట అంటనే ఉంట.

మా పక్కింటి పెద్దమ్మకు గూడ నమస్కారం, నేను వరండాల కూసున్నన్ని దినాలు మా బర్రెలకు నీళ్లు పెట్టింది. సంఘం అక్కలు నా వంతు రిజిస్టర్లు రాసిండ్రు. మా ఆయన రాత్రి ఏ టైముకు వచ్చినా పొద్దున లేసి వాన్ని భుజం మీద ఎక్కించుకొని దించి వచ్చేటోడు.

టీచరమ్మా, ఆయమ్మా, మీరు మా నుంచి ఏం తీసుకోరని ఎరుకే. చీర పెడ్తమంటె వద్దన్నరు. అందుకని పిల్లల తల్లిదండ్రులం మాట్లాడుకున్నం. వచ్చే ఐతారం సెంటర్ గేటుకు కొత్త గొళ్లెం, కింద ఇరిగిన బద్దలకు వెల్డింగ్ చేపిస్తున్నం. వెల్డింగ్ మెషిన్ మా ఆయన దోస్తుది, కరెంటు పక్కింటి నుంచి తీసుకుంటం. వీలైనోళ్లు పొద్దున ఎనిమిదింటికి రాండ్రి. ఆయమ్మ ఇగ పప్పు చాట నీడకు తెచ్చుకోవచ్చు.

ఇట్లు,
గేటు పట్టుకొని ఏడ్చిన పిల్లోని అమ్మ