పెరటి కుంట మూత వల్ల తాబేళ్లకు కలిగిన ఎముకల జబ్బుపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఆరుబయటి తాబేళ్ల కుంటలకు మీరు అమ్ముతున్న పారదర్శక పాలికార్బొనేట్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) మూత, దాని పెట్టెపై ముద్రించిన హామీ గురించి.

అయ్యా,

మా పెరటి కుంటలో రెండు రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేళ్లను ఆరేళ్లుగా పెంచుతున్నాను. మొదటి ఐదేళ్లు కుంటపై ఏ కప్పూ లేదు. పిల్లులూ కాకులూ వాటి జోలికి రావడం మొదలయ్యాక, 11 నెలల క్రితం మీ సంస్థ తయారుచేసిన మూతను కొని బిగించాను. ఆ పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'సూర్యకాంతి పూర్తిగా లోపలికి ప్రసరిస్తుంది, తాబేళ్లకు వేరే దీపం అవసరం లేదు' అని ఉంది. నా ఫిర్యాదు అంతా ఆ ఒక్క వాక్యం మీదే.

మూత బిగించిన ఏడో నెలలో చిన్న తాబేలు మేత తగ్గించింది. నీళ్లలోంచి గట్టెక్కేటప్పుడు వెనక కాళ్లు ఈడుస్తూ ఉండేది. పట్టుకుని చూస్తే డిప్ప అంచులు వేలితో నొక్కగానే లోపలికి వంగుతున్నాయి. సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యురాలు ఎక్స్‌రే తీయించి, ఎముకలు సాంద్రత కోల్పోయి పలుచబడ్డాయని, ఇది కాల్షియం ఎముకలకు అందకపోవడం వల్ల వచ్చే జబ్బని చెప్పారు. తాబేలు డిప్ప అంటే పైన తొడుక్కున్న పెంకు కాదు. పక్కటెముకలు, వెన్నుపూసలు కలిసి ఏర్పడిన ఎముకే అది. కాబట్టి డిప్ప మెత్తబడిందంటే అస్థిపంజరమే మెత్తబడిందని అర్థం.

కారణం వెతకడానికి ఆమె మేత వివరాలన్నీ అడిగారు. మేతలో లోపం కనిపించలేదు, ఐదేళ్లుగా పెడుతున్నదే పెడుతున్నాను. మారింది మూత ఒక్కటే. ఆమె దగ్గరున్న అతినీలలోహిత సూచిక కొలిచే పరికరాన్ని అడిగి తెచ్చుకుని, ఒక మధ్యాహ్నం ఆరుబయట పెడితే 7 దాటింది. అదే నిమిషంలో మీ మూత కింద, తాబేళ్లు ఎండ కాచుకునే పలక మీద పెడితే 0 చూపింది. మూత మురికి వల్లనేమోనని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి మళ్లీ చూశాను. మళ్లీ 0.

ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదని తర్వాత తెలిసింది. తాబేలు చర్మంలో విటమిన్ డి3 తయారు కావాలంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యువిబి కిరణాలు, అంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం, నేరుగా తగలాలి. వెలుతురు కంటికి ఎంత ధారాళంగా కనిపించినా, సాధారణ పాలికార్బొనేట్ ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కిటికీ అద్దం కూడా అంతే. డి3 లేనప్పుడు తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు, రక్తంలో ఆ లోటు పూడ్చడానికి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతుంది. పాలికార్బొనేట్ రేకులు తయారుచేసే సంస్థకు ఈ ధర్మం తెలియదంటే నేను నమ్మలేను. తెలిసీ ఆ వాక్యం ఎలా ముద్రించారన్నది నా ప్రశ్న.

పెద్ద తాబేలు ఆడది. దాని కష్టం ఇంకోలా మొదలైంది. గుడ్లు కడుపులో నిలిచిపోయి, నాలుగు రోజులు గట్టు మూలలు గోకుతూ తిరిగింది. కాల్షియం తగ్గితే గుడ్లను బయటకు నెట్టే కండరాలు సరిగా ముడుచుకోవు. కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చిన తర్వాత, ఆ కండరాలు ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు ఇవ్వవలసి వచ్చింది. గుడ్లు పెట్టడానికి అది తవ్వుకునే మట్టిగట్టుకు దారి మూత చట్రం వల్ల మూసుకుపోయిన మాట నిజమే. అది నేను గమనించి సరిచేసుకోవలసిన తప్పు, దాన్ని మీ మీద వేయను.

వేడి సంగతి కూడా చెప్పాలి. మీ మూతకు గాలి ఆడే రంధ్రాలు రెండే, అవీ ఒకే వైపు. ఎండ పూట పలక మీద థర్మామీటర్ 41 డిగ్రీలు చూపింది. ఎండ కాచుకునే చోటు సుమారు 32 డిగ్రీలు ఉంటే తాబేలుకు హాయి. 41 ఉంటే అది గట్టెక్కదు. పైకి రాని తాబేలు డిప్ప ఆరదు, ఆరని డిప్పకు కుళ్లు పడుతుంది. చిన్నదాని పొట్టవైపు అలాంటి మచ్చలు రెండు కనిపించాయి. రోజూ పొడిగా ఉంచి అయోడిన్ మందు రాస్తున్నాను, మానుతున్నాయి.

నేను మొదట రాసిన ఉత్తరానికి మీ విభాగం ఇచ్చిన జవాబు రెండే వాక్యాలు: మూత పారదర్శకంగానే ఉంది కాబట్టి లోపం లేదు, కాల్షియం పొడి మోతాదు పెంచండి. మొదటి వాక్యంలో కంటికి కనిపించే వెలుగునూ యువిబినీ ఒకటిగా కట్టేశారు. రెండోది ప్రమాదకరమైన సలహా కూడా. డి3 లేకుండా కాల్షియం ఎంత పెట్టినా ఎముకకు చేరేది తక్కువ. పోనీ అని డి3 చుక్కలు వైద్యుల్ని అడగకుండా వేస్తే, మోతాదు మించి మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుపోతుంది. జబ్బు జంతువు గురించి అడిగిన మనిషికి ఇలాంటి జవాబు పంపే ముందు మీలో ఎవరైనా ఒక పశువైద్యుణ్ణి సంప్రదించి ఉంటే బాగుండేది.

మూత తీసేసి మూడు వారాలైంది. దాని చోట వెడల్పు కళ్లున్న ఇనుప జాలీ వేశాను. పెద్దది మామూలు మేతకు వచ్చింది. చిన్నదాని డిప్ప గట్టిపడడానికి నెలలు పడుతుందని, వంగిన అంచులు మాత్రం అలాగే ఉండిపోవచ్చని వైద్యురాలు చెప్పారు.

కాబట్టి మీరు ఆ హామీని పెట్టె మీది నుంచి వెంటనే తొలగించి, 'ఈ మూత యువిబి కిరణాలను ఆపుతుంది' అని అదే పరిమాణం అక్షరాల్లో ముద్రించాలని కోరుతున్నాను. ఇప్పటికే కొన్నవారికి ఈ విషయం తెలియజేయాలి, ఎందుకంటే డిప్ప మెత్తబడేదాకా వాళ్లకు అనుమానం కూడా రాదు. యువిబిని పోనిచ్చే ప్రత్యేక రకం ఆక్రిలిక్ రేకులు ఉన్నాయి. అవి ఖరీదు అనుకుంటే జాలీ మూతే చేసి అమ్మండి. నాకు మూత వెల, రెండు తాబేళ్ల వైద్యానికైన ఖర్చు తిరిగి చెల్లించాలి. ఎక్స్‌రే నకళ్లు, వైద్యురాలి నివేదిక, పెట్టె మీది ముద్రణ ఫోటో, బిల్లులు ఈ లేఖతో జతచేస్తున్నాను. మూతను పారేయలేదు, పరీక్షకు కావాలంటే పంపుతాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఆలోగా రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల హక్కులు చూసే అధికారులకు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు