ఆ నీళ్లకు నీలం రంగు వద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో, కింద మూలన, గోదావరి గట్టు ఊరి తొమ్మిదో తరగతి అమ్మాయి వేసిన పెన్సిల్ బొమ్మ ఒకటి వేశారు. పేరు 'మా రేవు'. పైన ఆకాశం, కింద నీళ్లు, మధ్యలో సన్నగా అవతలి గట్టు. అంతే. పడవ లేదు, కొబ్బరిచెట్టు లేదు, రెండు కొండల మధ్య సూర్యుడు లేడు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. ఆ మూడింట్లో ఒక్కటీ లేకుండా గోదావరిని వేసిన పిల్లలు నాకు తగల్లేదు.

భూతద్దం పెట్టి చూశాను. అవతలి గట్టు కింద నీళ్లను ఉత్త కాగితంగానే వదిలేసింది. మన వైపు వచ్చేకొద్దీ నలుపు పెంచుకుంటూ వచ్చింది. ఇంకో బొమ్మను చూసి దించితే ఇది రాదండీ, రేవులో కూర్చుని చూడాల్సిందే. దూరాన నీళ్లు అద్దంలా ఆకాశాన్నే చూపిస్తాయి. కాళ్ల దగ్గర పైనుంచి లోపలికి చూస్తాం కాబట్టి నల్లగా కనిపిస్తాయి. కొవ్వూరు గోష్పాద రేవులో రోజూ పొద్దున్నే నేను చూసేది ఇదే. క్లాసులో చెప్పబోతే "నీళ్లు నీలంగా కదా మాస్టారూ ఉంటాయి" అనేవాళ్లు పిల్లలు.

మబ్బుకు చుట్టూ గీత కూడా గీయలేదు. పెన్సిల్ పొడిని వేలితో రుద్ది, తెలుపును రబ్బరుతో తీసింది. అదే తెలుపు నీళ్లలో కాస్త మాసి, నిలువుగా సాగింది. రబ్బరు చెరపడానికే కాదు, బొమ్మ వేయడానికీ పనికొస్తుందని ఈ పిల్లకు ఎవరు చెప్పారో గానీ, వాళ్లకు నా నమస్కారం.

అయితే బొమ్మను అగ్గిపెట్టెంత చేసి, వెనక లేత నీలం అద్దారు. ఆ అమ్మాయి అంత ఓర్పుగా తెల్లగా వదిలిన చోటంతా నీలమైపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారాయన. ఆ అమ్మాయిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లమని వాళ్లింట్లో వాళ్లకు నా మాటగా చెప్పండి.

వీలైతే వచ్చే ఆదివారం ఆ బొమ్మను కనీసం అరచేతంత సైజులో, ఏ రంగూ అద్దకుండా మళ్లీ వేయండి. కత్తిరించి దాచుకుంటాను.

- ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, కొవ్వూరు